పన్నెండో మనిషి

ఆ కాలేజీలోనే ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే, సివిల్ ఇంజనీరింగ్‌లో సీటొచ్చిందని చెప్పేది ఆ అమ్మాయి. అందులో సగమే నిజం. సివిల్ సీటు ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న కాలేజీలోనూ వచ్చింది. దాన్ని వదులుకుని, నాలుగు గంటలు బస్సులో వెళ్లాల్సిన ఊళ్లో హాస్టల్లో ఉండటానికి ఒప్పుకుంది ఒక క్లారినెట్ కోసం.

బళ్లో ఆరేళ్లపాటు బ్యాండులో క్లారినెట్ వాయించింది. వాయిద్యం బడిది. ఆఖరి పరీక్ష అయిన మర్నాడు పెట్టెలో సర్ది తిరిగిచ్చేసి ఇంటికొచ్చి, రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వాళ్లమ్మకి విసుగొచ్చింది. "ఎవరో పోయినట్టు ఆ మొహమేంటే?" అంది. వాళ్ల నాన్న మాత్రం ఏమీ అనలేదు. ఆయన లిఫ్టు మెకానిక్. రోజంతా చీకటి గుంటల్లో ఒంటరిగా పనిచేసే మనిషి కాబట్టి, మాట్లాడకుండా ఉన్నవాళ్లని కదిలించకూడదని ఆయనకి తెలుసు.

కాలేజీ చూడటానికి తండ్రీకూతుళ్లు వెళ్లిన రోజున వరండాలో వరసగా బల్లలు వేసి ఉన్నాయి. ఆటల వాళ్లది ఒకటి, నాటకాల వాళ్లది ఒకటి, చెస్ ఆడేవాళ్లది ఒకటి. అన్నిటికంటే చివర, మెట్ల కింద, ఒక బల్ల దగ్గర ఒక్క మనిషే కూర్చుని ఉన్నాడు. సగం నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర పలచబడ్డ కోటు. ముందు గుడ్డ పరిచి ఒక ట్రంపెట్టు, ఒక క్లారినెట్ పెట్టాడు. పక్కన అట్టముక్క మీద చేత్తో రాసి ఉంది: సంగీతం మీ చదువు కాకపోయినా రండి.

నాన్న దాన్ని పైకి చదివాడు. తర్వాత కొంచెం బెరుగ్గా అడిగాడు.

"మా అమ్మాయిది సివిల్ అండి. సివిల్ వాళ్లని కూడా తీసుకుంటారా?"

"ఏం, సివిల్ వాళ్లు ఊపిరి పీల్చరా?" అన్నాడు ఆ మనిషి.

"వాయిద్యం లేదండి మా దగ్గర."

"మా దగ్గరుంది. చదువు అయ్యేదాకా తనే ఉంచుకోవచ్చు. మంగళవారం, గురువారం నాలుగింటి నుంచి ఆరింటిదాకా రావాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు."

అడ్మిషన్ కాగితాలకంటే ముందు నాన్న బ్యాండులో చేరే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

కాలేజీలో సంగీతమే చదువుగా చదివేవాళ్లకి వేరే భవనం ఉండేది. అద్దాల గదులు, పెద్ద హాలు, పెద్ద ఆర్కెస్ట్రా. మిగతా శాఖల పిల్లలకోసం ఆ గడ్డం మనిషి, అందరూ మాస్టారు అని పిలిచే ఆయన, నడిపేదాన్ని 'అందరి బ్యాండు' అనేవాళ్లు. దానికి సైన్సు భవనం కింద నేలమాళిగలో ఒక గది ఇచ్చారు. పైకప్పు నిండా వేణ్ణీళ్ల పైపులు. పైన ఎవరో కుళాయి తిప్పినప్పుడల్లా పైపులు టంగు టంగుమని కొట్టుకునేవి. మాస్టారు చెయ్యి ఆపకుండానే, "చూశారా, మనందరిలోకీ తాళం తప్పనిది అదొక్కటే," అనేవాడు.

అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ఎవరి చదువు వాళ్ల పేరు. ట్రంపెట్టు వాయించే కుర్రాడు 'మందులు', ఫార్మసీ చదువుతాడు కాబట్టి. డ్రమ్ములు వాయించే పిల్ల 'పశువులు', వెటర్నరీ. ఈ అమ్మాయి మొదటి గురువారం మట్టి పరీక్షల ల్యాబు నుంచి తిన్నగా వచ్చింది. గోళ్లలో ఎర్రమట్టి అలాగే ఉంది. పక్క కుర్చీలో క్లారినెట్ పట్టుకుని కూర్చున్న పిల్ల అది చూసి, "నీ పేరు అయిపోయింది. మట్టి," అంది. ఆ పిల్ల గణితం చదివేది. అందరికీ 'లెక్కలు'. మూడేళ్లలో మట్టికి అంతకంటే దగ్గరైన మనిషి ఆ ఊళ్లో లేదు.

మట్టికి వారంలో ఆ రెండు రోజులే రోజులు. మిగతా అయిదూ వాటికోసం దాటాల్సినవి. మాస్టారు పెద్దగా మెచ్చుకునే రకం కాదు. బాగా వాయిస్తే "ఆఁ" అనేవాడు. ఇంకా బాగా వాయిస్తే ఏమీ అనకుండా తర్వాతి పేజీ తిప్పేవాడు. రెండో ఏడు చివర్లో ఒక గురువారం, అందరూ వెళ్లాక, ఆమెని ఉండమన్నాడు.

"వచ్చే ఏడు పెద్ద ఆర్కెస్ట్రాకి ఆడిషన్ ఇవ్వు," అన్నాడు.

"అది సంగీతం వాళ్లకి కదా మాస్టారూ?"

"ఏ శాఖవాళ్లైనా రావచ్చని నిబంధనల్లో రాసుంది. ఎవరూ వెళ్లరు, అంతే. నాకు తెలిసినంతవరకూ నేను నేర్పగలిగింది నీకు అయిపోయింది."

ఆమె మెట్లెక్కి పైకొచ్చేసరికి కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ వేసవి సెలవులంతా ఇంట్లో తలుపేసుకుని వాయించింది. పక్కింటివాళ్లు గోడ మీద కొట్టేవాళ్లు. నాన్న వెళ్లి వాళ్లని బతిమాలుకుని వచ్చేవాడు.

మూడో ఏడు మొదలయ్యాక విషయం లెక్కలుకి చెప్పింది. క్యాంటీన్‌లో టీ తాగుతున్నారు. లెక్కలు కప్పు కింద పెట్టింది.

"రిహార్సల్స్ ఎప్పుడు వాళ్లకి?"

"మంగళ, గురు. నాలుగింటి నుంచే."

"అంటే రెండిట్లో ఉండటం కుదరదు."

"కుదరదు."

"ఇప్పుడు మనం ఎంతమందిమి? పన్నెండు. పన్నెండుకంటే తగ్గితే ఈ క్లాసు ఎత్తేస్తారని మాస్టారు ప్రతి ఏడూ మొదటిరోజు చెబుతాడు. నువ్వు పోతే?"

"ఎవరో ఒకరు చేరతారులే."

"ఈ ఏడు ఇద్దరే చేరారు. ఇద్దరూ నేను ఈడ్చుకొచ్చినవాళ్లే."

"నువ్వు ఇంకొకర్ని ఈడ్చుకురా మరి. ఆ విద్య నీకు బాగా వచ్చుగా," అని మట్టి నవ్వేసింది. లెక్కలు నవ్వలేదు. కానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు కూడా.

ఆడిషన్ ఒక గురువారం పడింది. అదే మధ్యాహ్నం మట్టి పరీక్షల ల్యాబులో ప్రాక్టికల్ పరీక్ష. తడిపిన మట్టిని ఇనుప అచ్చులో మూడు పొరలుగా వేసి, పొరకి ఇరవై అయిదు దెబ్బలు సుత్తితో దిమ్మిస చేసి, బరువు తూచి, ఎంత గట్టిపడిందో లెక్కగట్టాలి. ఆమె దాన్ని కళ్లు మూసుకుని చెయ్యగలదు. ల్యాబు సార్‌ని వెళ్లి అడిగింది, వేరే రోజు పెట్టమని.

"ఒంట్లో బాగోలేదా?"

"కాదండి. ఆడిషన్ ఉంది. సంగీతం."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "అమ్మా, రేపు నువ్వు సరిగ్గా పరీక్ష చెయ్యని మట్టి మీద ఎవడో ఇల్లు కట్టుకుంటాడు. వాడికి ఈ మాట చెబుతావా?"

ఆమె ఆ పరీక్షకి వెళ్లలేదు.

ఆడిషన్ హాల్లో అడ్డంగా నల్ల తెర కట్టారు. వాయించేది ఎవరో తెర వెనక కూర్చుని వినేవాళ్లకి తెలియకూడదు. అడుగుల చప్పుడు బట్టి ఆడో మగో పోల్చుకుంటారని చెప్పులు కూడా బయటే విప్పించారు. చల్లటి చెక్క నేలమీద ఉత్తి కాళ్లతో నిలబడి, మట్టి వాయించింది. మొదటి నాలుగు స్వరాలు వణికాయి. తర్వాత ఎప్పుడో వణుకు పోయింది, తర్వాత తెర కూడా పోయింది. ముగిశాక తెర వెనక కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినపడింది. ఒక ఆడగొంతు "థాంక్యూ" అంది. అంతే.

సోమవారం జాబితా అంటించారు. రెండో క్లారినెట్, సివిల్, మూడో సంవత్సరం. దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపింది. నాన్న అప్పుడు ఎనిమిదో అంతస్తులో ఒక లిఫ్టు పైకెక్కి పనిచేస్తున్నాడు. అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. వెనక గొలుసుల చప్పుడు. "తల్లీ, ఎప్పుడు వాయిస్తావో తారీఖు చెప్పు. ఇప్పుడే సెలవు రాయించుకుంటా," అన్నాడు. అమ్మ ఫోన్ తీసుకున్నాక, "ఊదడం సరే, చదువు సంగతేంటి?" అంది. బాగానే ఉందని మట్టి చెప్పింది.

బ్యాండు నుంచి తప్పుకుంటున్నట్టు కాగితం మీద మాస్టారు సంతకం కావాలి. ఆయన జేబులో కలం రాయలేదు. రెండుసార్లు విదిలించాడు. లెక్కలు తన పెన్ను ఇచ్చింది. ఆయన సంతకం చేసి, కాగితం మడిచి ఆమె చేతికిచ్చి, "ఇక మంగళవారం ఇటు రావద్దు. అలవాటు కొద్దీ కాళ్లు ఇటు లాగుతాయి, జాగ్రత్త," అన్నాడు. మందులు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు.

మూడు వారాలు ఆమె బతుకులో ఎప్పుడూ లేనంత సంతోషంగా గడిచాయి. పెద్ద ఆర్కెస్ట్రాలో అరవైమంది. అంతమంది ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నప్పుడు ఆ శబ్దం విని ఆమెకి ఒళ్లు గగుర్పొడిచింది. కండక్టరు మేడం తక్కువ మాట్లాడేది. పక్కవాళ్లు ఆమెని ఏమీ అనలేదు. పలకరించనూ లేదు.

నాలుగో వారం లెక్కలు హాస్టల్ గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తలుపుకి తాళం వేశారు," అంది. "బయట కాగితం అంటించారు. పదకొండుమంది ఉన్నందున ఈ క్లాసు రద్దు చేయబడినది. మాస్టారి ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి."

మట్టి మంచం మీంచి లేచి నిలబడింది.

"నేను ఎనిమిదిమందిని అడిగాను," అంది లెక్కలు. "ఒకడు వస్తానని రాలేదు. ఒకమ్మాయి ఈలపాట పనికొస్తుందా అని అడిగింది. పనికొస్తుందని పేరు రాసేశా. ఆఫీసువాళ్లు కొట్టేశారు."

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్పాను," అంది లెక్కలు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. "టీ తాగుతున్నప్పుడు."

ఆ తర్వాత లెక్కలు దారిలో ఎదురైతే తల ఊపేది. ఏదైనా అడిగితే జవాబు చెప్పేది. గదికి మాత్రం మళ్లీ రాలేదు.

ఇది జరిగిన వారానికి, మంగళవారం రిహార్సల్‌కి వెళ్లేసరికి తన కుర్చీలో ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. సంగీతం ఆఖరి సంవత్సరం విద్యార్థి. మణికట్టు విరిగి రెండు నెలలు ఇంటి దగ్గరున్నాడు. మేడం ఆమెని పక్కకి పిలిచింది.

"తనకి డిగ్రీ రావాలంటే ఈ ఏడు కచ్చేరీల్లో వాయించి తీరాలి. నీకు ఆ అవసరం లేదు కదా. నిబంధన అలా ఉంది. ముందు సంగీతం విద్యార్థులు, ఖాళీ ఉంటే మిగతావాళ్లు."

"ఆడిషన్‌లో..."

"ఆడిషన్‌లో నువ్వే బాగా వాయించావు," అంది మేడం. దాచడానికి ప్రయత్నించలేదు. "నిన్ను రిజర్వులో ఉంచుతాను. ఎవరైనా రాకపోతే నువ్వు కూర్చుంటావు. అప్పటిదాకా రిహార్సల్స్‌కి రా, విను. కుర్చీలూ స్టాండులూ సర్దడంలో కూడా సాయం కావాలి."

ఆ కుర్రాడు మంచివాడే. విరామంలో ఆమె దగ్గరికి వచ్చి, "సారీ, నేను కావాలని చెయ్యలేదు," అన్నాడు. ఆమె పరవాలేదంది. గోడవారగా కుర్చీ వేసుకుని, క్లారినెట్‌ను ఒళ్లో పెట్టుకుని, రెండు గంటలు కూర్చుంది. మర్నాడు ల్యాబు సార్ ఇచ్చిన జాబితాలో తన పేరుకెదురుగా ఫెయిలని ఉంది. ఆ సబ్జెక్టు మళ్లీ ఏడాదంతా చదవాలి.

మాస్టారు ఎక్కడున్నాడో మందులు చెప్పాడు. కంటాసుపత్రిలో పనికి కుదిరాడట. శనివారం మట్టి వెళ్లింది. వెయిటింగ్ హాలు నిండా జనం. కళ్లకి పచ్చగుడ్డలు కట్టుకున్నవాళ్లు, వాళ్ల చేతులు పట్టుకున్నవాళ్లు. ముందు చిన్న బల్ల వెనక మాస్టారు మైకు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అదే కోటు. "టోకెన్ నలభై ఆరు. మూడో గది," అన్నాడు. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే, హాల్లో నిద్రపోతున్న ముసలాయన కూడా లేచి తన చీటీ చూసుకున్నాడు.

ఆమెని చూసి చేత్తో పక్క కుర్చీ చూపించాడు. ఆమె దారంతా మాటలు కూడబలుక్కుని వచ్చింది. జరిగిందంతా చెప్పాలని, క్షమించమని అడగాలని. కూర్చున్నాక వేరే మాట వచ్చింది.

"నేను వెళితే పదకొండవుతారని మీకు తెలుసా మాస్టారూ?"

"సంగీతం చెప్పేవాణ్ని. పన్నెండు దాకా లెక్కపెట్టగలను."

"మరి నన్ను ఆపలేదేం?"

ఆయన మైకు వైపు వంగి నలభై ఏడుని పిలిచాడు. ఒక తల్లి బిడ్డని భుజాన వేసుకుని లేచింది.

"నీకు మాత్రం తెలియదా?" అన్నాడు, ఆ తల్లి లోపలికి వెళ్లేదాకా చూసి.

ఆమె తల దించుకుంది. తెలుసు. క్యాంటీన్‌లో నవ్వినప్పుడే తెలుసు. ఎవరో ఒకరు చేరతారని ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

"సరేలే," అన్నాడు మాస్టారు. "అయిపోయింది. అక్కడ ఎలా ఉంది చెప్పు. పక్కన ఎవరు? వాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో గమనిస్తున్నావా?"

అడుగుతుంటే ఆయన మొహం మారింది. నేలమాళిగలో, పేజీ తిప్పబోయే ముందు ఉండే మొహం.

"బాగుంది మాస్టారూ," అంది. "గమనిస్తున్నాను."

"ఇరవై రెండేళ్లు ఆ గదిలో ఉన్నాను. అక్కణ్నుంచి పైకి వెళ్లిందానివి నువ్వొక్కదానివే," అన్నాడు. "టోకెన్ నలభై ఎనిమిది. ఒకటో గది."

బయటికొచ్చాక బస్సు ఎక్కాలని తోచలేదు. హాస్టల్‌దాకా నడిచింది. నడుస్తున్నంతసేపూ, వెనక్కి వెళ్లి నిజం చెప్పేద్దామా అని రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ కాళ్లు ముందుకే పడ్డాయి.

నాన్నకి కూడా చెప్పలేదు. కచ్చేరీ తారీఖు మాత్రం ముందే చెప్పేసింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆ రోజు వచ్చేసింది. సాయంత్రం ఆరింటికి మొదలు. నాన్న నాలుగింటికే దిగాడు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా కత్తిరించిన జుట్టు. గోళ్ల సందుల్లో గ్రీజు పోవడానికి ఎంత రుద్దుకున్నాడో, వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "మీ అమ్మకి కుదరలేదు. ఒక్క మాట పోకుండా అంతా వచ్చి చెప్పమంది," అన్నాడు. "మా కంపెనీలో అందరికీ చెప్పాను. మేనేజరు కూడా అడిగాడు, మీ అమ్మాయిది డాక్టరీయా అని. కాదండీ, సివిల్, అయినా పెద్ద ఆర్కెస్ట్రాలో తీసుకున్నారని చెప్పా."

"నాన్నా..."

"ఆఁ?"

"ఏం లేదు. లోపల ముందు వరసలో కూర్చోకు, సరిగ్గా వినపడదు. వెనక కూర్చో."

నల్ల బట్టలు వేసుకుని మట్టి మరో ఇద్దరితో కలిసి వేదిక మీద స్టాండులు నిలబెట్టింది, కుర్చీలు సరిచేసింది, ఎవరి కాగితాలు వాళ్ల ముందు పెట్టింది. వెనక వరసల్లోంచి నాన్న చెయ్యి ఊపడం కనిపించింది. తర్వాత దీపాలు తగ్గాయి. అరవైమంది వచ్చి కూర్చున్నారు. ఆమె పక్క తలుపు వెనక, తాళ్ల కట్టలూ ఖాళీ వాయిద్యాల పెట్టెలూ ఉన్న చోట నిలబడి విన్నది. రెండో క్లారినెట్ కుర్రాడు ఒక్క తప్పూ చెయ్యలేదు. తప్పు చెయ్యాలని తను కోరుకుంటున్నట్టు మధ్యలో ఎక్కడో గ్రహించి, చెవులు మూసుకుంది.

అయిపోయాక నాన్న బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ కూర్చున్నావమ్మా? చాలాసేపు వెతికా."

"వెనక. స్తంభం అడ్డొచ్చి ఉంటుంది."

ఆ హాల్లో స్తంభాలు లేవు. నాన్న హాలు తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు.

"అయితేనేం," అన్నాడు. "నీది వినపడింది. అంతమందిలోనూ నీది నాకు తెలిసిపోయింది."

ఆయనకి అర్థమైందో, నిజంగానే నమ్మాడో ఆమెకి ఈ రోజుకీ తెలియదు. అడిగే ధైర్యం చెయ్యలేదు. బస్టాండుదాకా ఇద్దరూ నడిచారు. ఆయన బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, అద్దం ఒక పక్కకి జరిపి, "చలిగా ఉంది, లోపలికి వెళ్లు," అన్నాడు. బస్సు కదిలాక కూడా ఆమె అక్కడే ఉంది.

సోమవారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రద్దయిన క్లాసు తాలూకు వాయిద్యాలన్నీ స్టోరులో అప్పగించాలి. ఆమె ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లింది. స్టోరు గుమాస్తా పెట్టె తెరిచి, విడదీసిన క్లారినెట్ అయిదు ముక్కలూ ఉన్నాయో లేదో లెక్కచూసుకుని, నంబరు రాసుకున్నాడు. పెట్టెను మిగతా వాటి పక్కన పై అరలోకి తోశాడు. ట్రంపెట్టు పెట్టె అప్పటికే అక్కడుంది. దాని పక్కన ఇంకో క్లారినెట్ పెట్టె ఉంది. లెక్కలు ముందే వచ్చి వెళ్లిందన్నమాట.

"వచ్చే ఏడు ఏమైనా మొదలుపెడతారేమో. నీ పేరు రాసి ఉంచనా?" అన్నాడు గుమాస్తా, రిజిస్టరు మూయకుండా.

"వద్దండి," అంది.

మూడు గంటలకి ల్యాబు ఉంది. తనకంటే ఏడాది చిన్నవాళ్లతో కలిసి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ఆమె వెళ్లి, చేతులు కడుక్కుని, మట్టి తడిపి, అచ్చులో మొదటి పొర వేసి, సుత్తి ఎత్తింది.